నాన్న పిక్క చుట్టుకొలత

బ్రోకెన్ హిల్,
ఆస్ట్రేలియా,
10 ఏప్రిల్ 2016, ఆదివారం

గ్లెనిస్,

అబద్ధం చెప్పావు నువ్వు. దేశం సగం వింటుండగా, గొంతు కూడా వణక్కుండా, రేడియోలో అబద్ధం చెప్పావు.

"అంతరిక్షంలో మనుషుల ఆరోగ్యం మీద పరిశోధన చేసేదాకా మీ దారి ఎలా సాగింది, డాక్టర్ ట్రెంబాత్?" అని ఆ పిల్ల ముద్దుముద్దుగా అడిగింది. నువ్వేమన్నావు? "మాది ఎడారి ఊరు. చిన్నప్పుడు నీళ్ళ ట్యాంకు ఎక్కి పడుకుని నక్షత్రాలు చూసేదాన్ని. అంతా అక్కడే మొదలైంది."

ఏ ట్యాంకు? స్టూలెక్కితేనే కళ్ళు తిరిగేవి నీకు. పై అరలోంచి జామ్ సీసా తీయాలన్నా "రే, రే" అంటూ నన్నే పిలిచేదానివి. నీ యాభై మూడేళ్ళలో నువ్వు తలెత్తి ఆకాశం చూడగా నేను చూడలేదు. నీ చూపెప్పుడూ నాన్న పిక్క మీదే.

మర్చిపోయి ఉంటే గుర్తు చేస్తాను. 1973. గనిలో రాయి జారి నాన్న నడుం విరిగింది. ఐదు నెలలు మంచం. ఆదివారం ఆదివారం నువ్వు అమ్మ కుట్టుపెట్టెలోంచి టేపు తెచ్చేదానివి. నాన్న మోకాలిచిప్ప కింద తన నాలుగు వేళ్ళు అడ్డంగా ఆనిస్తే, సరిగ్గా ఆ వేళ్ళ కింద టేపు చుట్టి, అంకె చదివి, కేలండర్ వెనక రాసేదానివి. నలభై సెంటీమీటర్లు. ముప్ఫై తొమ్మిది. ముప్ఫై ఏడున్నర. ఒక ఆదివారం నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి, "రోజూ కొంచెం కొంచెం పోతోంది. ఎక్కడికి పోతోంది రే, నాన్న కాలు?" అన్నావు. అదీ నీ దారి. అందులో నక్షత్రాలు ఎక్కడున్నాయి?

ఇంకోటి కూడా రేడియోలో చెప్పలేదు. పళ్ళపెట్టె చెక్కకి సైకిలు ట్యూబులు కొట్టి, మంచం కాళ్ళవైపు బిగించి, పొద్దున నూరు, సాయంత్రం నూరు నాన్న చేత తన్నించిందెవరు? పద్దెనిమిదేళ్ళ నేను. చదువు మానేసి. ఇప్పుడు మీ ప్రయోగశాలలో పడుకున్నవాళ్ళు రబ్బరు పట్టీలు తన్నే యంత్రం ఉందట. దానికి ట్రెంబాత్ అని మన ఇంటిపేరే ఉందట. ఏ ట్రెంబాత్?

సరే, కోపం దింపుకోవడానికి మాత్రమే రాయడం లేదు. నీతో పనుంది. నేను ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఈ వృద్ధుల హోముని కిందటేడు కొత్త కంపెనీ కొన్నది. నలభై ఒక్క మంచాలకి పొద్దున షిఫ్టులో ఆరుగురం ఉండేవాళ్ళం. నలుగుర్ని చేశారు. నలుగురి చేతులతో ఏమవుతుంది? తినిపించటం, తుడవటం, గుడ్డలు మార్చటం అవుతుంది. లేపి నిలబెట్టటం అవదు. కిందటి క్రిస్మస్‌కి నడుచుకుంటూ భోజనాల గదికి వచ్చినవాళ్ళు ఈ ఏడు మంచంలోనే తింటున్నారు. తొమ్మిదో నంబరు మంచానికి మార్చి మొదట్లో ముప్ఫై ఆరు ఉండేది పిక్క. ఇవాళ ముప్ఫై నాలుగు.

ఆగస్టు 11న యూనియన్‌కీ మేనేజ్‌మెంట్‌కీ సమావేశం ఉంది. నలుగురినే శాశ్వతం చేస్తారట. మా మాట "పనివాళ్ళ గొడవ" కింద కొట్టిపారేస్తారు. నీ మాట అలా కొట్టెయ్యలేరు. మనిషిని ఊరికే పడుకోబెడితే కాలు ఏమవుతుందో ఒక్క పేజీ రాసి, కింద సంతకం చెయ్యి. అంతే అడుగుతున్నాను.

ఫోను చెయ్యకు. ఇక్కడ సిగ్నలు సరిగా లేదు. నువ్వెలాగూ ఎప్పుడూ మీటింగులోనే.

నీ అక్క,
రేలీన్


కొలోన్,
జర్మనీ,
24 ఏప్రిల్

రే అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఊరుకున్నాను. మొదటి రోజు కోపం, రెండో రోజు సిగ్గు. ఇవాళ రెండూ లేవు, అలసట మాత్రమే ఉంది. అందుకని రాయగలుగుతున్నాను.

నాన్న సంగతి చెప్పాను వాళ్ళకి. ఆ అమ్మాయి విని, "ఆదివారం పొద్దున వచ్చే కార్యక్రమం కదండీ, కొంచెం తేలిగ్గా ఉండేది ఏదైనా..." అంది. రికార్డింగుకి కూర్చునేసరికి మధ్యాహ్నం మూడయింది, పొద్దున్నుంచీ కాఫీ తప్ప ఏమీ తాగలేదు. నోటికి నక్షత్రాలొచ్చాయి. ఎడారి ఊరివాళ్ళ దగ్గర అందరూ ఎదురుచూసేది అదే. ఇస్తే వదిలేస్తారు.

యంత్రం పేరు నేను పెట్టలేదు. ఇక్కడి కుర్రాళ్ళు పెట్టారు. తీసెయ్యమనలేదు, అది నా తప్పు.

మా సంగతి అడగలేదు కాని చెబుతాను. పన్నెండుమంది ఆరోగ్యవంతుల్ని, తలవైపు కొంచెం దిగువకి వాల్చిన మంచాల మీద అరవై రోజులు పడుకోబెట్టాం. బరువు తెలీని చోట ఒంటికి ఏమవుతుందో నేల మీద చూడాలంటే ఇదొక్కటే దారి. తిన్నా, పళ్ళు తోముకున్నా ఒక భుజం పరుపుకి ఆని ఉండాల్సిందే. నలభయ్యో రోజున ఒకతను తన తొడ పట్టుకుని చూసుకుని ఏడ్చాడు. ఇరవై ఆరేళ్ళవాడు. ఎదురుగా కూర్చుని నేను అంకెలు రాసుకున్నాను.

ఇక నీ పేజీ. నేను చూడని మనుషుల గురించి రాయలేను, అక్కా. సంస్థ పేరు వాడాలంటే అనుమతి కావాలి. మా అధిపతి హెనింగ్‌కి ముప్ఫై ఎనిమిదేళ్ళు, ఆగస్టులో ముగిసే నా కాంట్రాక్టు అతని చేతుల్లో ఉంది. కుదరదు అనటం లేదు. కొంచెం ఆగు అంటున్నాను.

ఆ తొమ్మిదో మంచం ఆయన వివరాలు పంపు. వయసెంత? ఏ కాలు? టేపు ఎక్కడ పెడుతున్నావు, ఎవరి వేళ్ళతో కొలుస్తున్నావు?

గ్లెన్


బ్రోకెన్ హిల్,
8 మే

డాక్టరమ్మా,

"కొంచెం ఆగు." ఈ మాట మా మేనేజరు క్రెయిగ్ నోటా వింటున్నాను, నీ నోటా వింటున్నాను. ఇద్దరూ ఒకే బడిలో చదివారా?

పెన్సిలుతో రాస్తున్నందుకు ఏమీ అనుకోకు, పెన్ను మొరాయిస్తోంది.

నీ ప్రశ్నలకి జవాబులు. ఎడమ కాలు. నాలుగు వేళ్ళు, సొంత వేళ్ళే, నాన్న పెట్టినట్టు. వయసు దేనికి? మంచంలో పడ్డాక అందరిదీ ఒకటే వయసు. ఇవాళ ముప్ఫై రెండు పాయింట్ ఎనిమిది.

నాకొక సంగతి చెప్పు. ఆకాశంలోకి వెళ్ళే మనిషికి రోజుకి రెండున్నర గంటలు కసరత్తు రాసిపెట్టారు మీరు. ఆర్నెల్లు పైన ఉండి దిగిరాగానే, కుర్చీలో మోసుకెళ్ళి, పక్కన ఒకడిని పెట్టి మళ్ళీ నడక నేర్పుతారు. మంచిదే, చెయ్యండి. మరి నలభై ఏళ్ళు భూమి లోపలికి దిగి, ఈ దేశం బాగుపడేందుకు సీసం తవ్విన మనిషికో? వాడికి రెండున్నర నిమిషాలు కూడా లేవు. పైకి పోయినవాడి ఎముక ఎముకే, కిందికి దిగినవాడిది కాదా? మీ పన్నెండుమంది కాగితం మీద సంతకం పెట్టి పడుకున్నారు. ఎప్పుడు చాలనుకుంటే అప్పుడు లేచిపోవచ్చు. మా నలభై ఒక్కరిలో ఎవరు సంతకం పెట్టారు? "ఎడారి ఊరు" అని రేడియోలో తియ్యగా అన్నావే, ఆ ఊరికి గడియారం అడిలైడ్‌ది, చట్టం సిడ్నీది, మేనేజరు మెల్బోర్న్ నుంచి దిగాడు. ఇక్కడి కాళ్ళు మాత్రమే ఇక్కడివి.

ఎనిమిదో మంచం పాస్కో నీకు తెలుసు. నాన్న వాళ్ళని బోనులో గనిలోకి దించి పైకి లాగినవాడు, ముప్ఫై ఒక్కేళ్ళు ఆ యంత్రం నడిపాడు. ఆయన పిలుపు బటన్ ఎప్పుడూ మూడుసార్లు నొక్కుతాడు. గనిలో లెక్క అది: మూడుసార్లు గంట కొడితే బోనులో మనుషులున్నారని, సామాను కాదని, మెల్లిగా నడపమని. ఫిజీ నుంచి వచ్చిన లోసానా మొదట్లో పరిగెత్తుకొచ్చేది. "ఒక్కసారి నొక్కితే వినపడదనుకున్నావా తాతా?"

"ఒకటి నొక్కితే యంత్రం ఆపేస్తారే పిల్లా!"

"ఇక్కడ యంత్రం ఎక్కడుంది? నేనున్నా!"

"నువ్వే యంత్రంలా తిరుగుతున్నావు. అందుకే మనుషులున్నారని చెబుతున్నా."

లోసానా నవ్వుకుంటూ వెళ్ళింది. క్రెయిగ్ మాత్రం ఆయన ఫైల్లో "విసిగించే రోగి" అని రాశాడు.

పేజీ ఎప్పుడు పంపుతావు?

రేలీన్


కొలోన్,
22 మే

రే,

నా మాట కొంచెం గరుగ్గా ఉంటే క్షమించు. వారం రోజులుగా నిద్ర సరిగా లేదు. పన్నెండుమందినీ లేపాం. లేచిన మొదటి రోజు ఒకతను స్పృహ తప్పి నా మీదే పడ్డాడు, నా మోకాలు వాచింది. పెన్సిలుతో బడిపిల్లలా రాశావు నువ్వు. అది చదువుతూ కాలి మీద ఐసు పెట్టుకుని కూర్చున్నాను.

ఒక్కమాట అడుగుతాను. ఉత్తరంలో సగం మేనేజర్ని తిట్టావు, సగం నన్ను తిట్టావు. ఆ తొమ్మిదో మంచం ఆయన్ని నువ్వే లేపి నిలబెట్టొచ్చు కదా? పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. నాన్నని లేపలేదూ? ఎవరి అనుమతి అడిగావు అప్పుడు? ఎవరి పేజీ కోసం ఆగావు? ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనే కదా. నాలుగు పేజీలు రాసే తీరిక ఉన్నదానివి, ఆ తీరికలో ఒక మనిషిని లేపు. టేపు పట్టుకుని అంకెలు రాసుకోవటం నాకు చేతనైన పని. నీకు చేతనైంది అది కాదు, లేపటం. నువ్వు కూడా నాలాగా అయిపోతే ఎలా?

అంకెలు మాత్రం బాగాలేవు. ముసలివాళ్ళ విషయంలో ముప్ఫై ఒకటి దగ్గర ఒక గీత పెట్టుకుంటాం మేము. దాని కిందికి జారినవాళ్ళలో చాలామంది మళ్ళీ తమంతట తాము లేవరు. త్వరగా ఏదో ఒకటి చెయ్యి.

పేజీ సంగతి హెనింగ్‌ని అడిగాను. చూస్తానన్నాడు.

గ్లెన్


బ్రోకెన్ హిల్,
5 జూన్

గ్లెనిస్,

నిజమే. రాసే తీరిక నాకు చాలా ఉంది.

ముప్ఫై ఒకటి పాయింట్ ఎనిమిది.

నీ పేజీ అక్కర్లేదు. హెనింగ్‌ని ఇబ్బంది పెట్టకు. మోకాలు జాగ్రత్త.

రేలీన్


కొలోన్,
19 జూన్

అక్కా,

నీ చిన్న ఉత్తరం బుధవారం వచ్చింది. పొడవు ఉత్తరాలకి నేను భయపడను. నువ్వు నాలుగు ముక్కల్లో ముగించావంటే ఏదో జరిగిందన్నమాట. మూడు ఉత్తరాలూ బల్ల మీద పక్కపక్కన పరిచాను.

మొదటి దాంట్లో పెన్ను రాత ఆగి ఆగి పోయింది. ఒక్కో అక్షరం మీద రెండుసార్లు దిద్దావు. రెండో దాని నుంచి పెన్సిలు. మా దగ్గర పడుకున్నవాళ్ళ దినచర్య పుస్తకాలు పదిహేనేళ్ళుగా చదువుతున్నాను, రే. వాళ్ళు కూడా మొదటి రోజు పెన్ను తీసుకుంటారు. వెల్లకిలా పడుకుని పైకి పట్టుకుని రాస్తే సిరా దిగదు. మూడో రోజుకి అందరూ పెన్సిలు అడుగుతారు. అది నాకు తెలిసినంతగా ఈ లోకంలో ఇంకెవరికీ తెలీదు. అయినా "బడిపిల్లలా" అని వెక్కిరించాను.

తర్వాత అంకెలు చూశాను. ఎప్పుడూ ఎడమ కాలే. కుడి కాలు ఒక్కసారి కూడా లేదు. "సొంత వేళ్ళే" అన్నావు. పడుకున్న మనిషి మడవగలిగిన కాలినే అందుకోగలడు.

నువ్వు వద్దన్న ఫోను చేశాను. లోసానా ఎత్తింది. "తొమ్మిదో నంబరు మంచం ఎవరండీ?" అన్నాను.

"మీరెవరు?"

"రేలీన్ ట్రెంబాత్ చెల్లెల్ని."

"తొమ్మిదిలో ఉన్నది మీ అక్కే కదమ్మా! నాలుగు నెలలైంది. మీకు చెప్పలేదా?" అంది. వెనకాల ఎక్కడో గంట మూడుసార్లు మోగింది. "పాస్కో తాత" అని పెట్టేసింది.

"నువ్వే లేపి నిలబెట్టు" అని రాశాను నీకు. ఆ వాక్యం ఉత్తరంలోంచి చింపెయ్యి. ఏం జరిగిందో రాయి. పెన్సిలుతోనే రాయి.

గ్లెన్


బ్రోకెన్ హిల్,
3 జూలై

గ్లెన్,

చింపను. దాచుకుంటాను. నేనే రాసి ఉండేదాన్ని ఆ మాట, నీ చోట ఉంటే.

ఫిబ్రవరి 23. పాస్కోని యంత్రంతో మంచం మీంచి కుర్చీలోకి దింపాలి. ఇద్దరు ఉండాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. లోసానా పదిహేడో మంచం దగ్గర, షెరిల్ వంటింట్లో ట్రేలు సర్దుతూ, ఇంకొక పిల్ల ఆ రోజు రాలేదు. ఆయన గంటసేపటి నుంచి తడిలో ఉన్నాడు. ఒక్కదాన్నే మొదలుపెట్టాను. పట్టీ జారింది. ఆయన కింద పడకుండా కిందికి నేను వెళ్ళాను. ఆయన నా మీద పడ్డాడు. ఆయనకి గీత కూడా పడలేదు. నాకు కుడి తుంటి విరిగింది.

ఆసుపత్రివాళ్ళు మేకులు కొట్టి, పదో రోజున మంచం కావాలన్నారు. ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేదు. ఎనిమిదో మంచం పక్కన తొమ్మిది ఖాళీగా ఉంది. నేను గుడ్డలు మార్చిన మంచమే. ఆరు వారాలు కాలు ఆనించొద్దన్నారు, ఆనించలేదు. ఆ తర్వాత లేపి నడిపించాలన్నారు. నడక నేర్పే ఆవిడ అడిలైడ్ నుంచి పదిహేను రోజులకొకసారి వస్తుంది, వస్తే. మిగిలిన పద్నాలుగు రోజులూ లేపాల్సింది పొద్దున షిఫ్టు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, తిట్టకు. నేను గంట నొక్కను.

నొక్కలేదు, గ్లెన్. నాలుగు నెలల్లో పదిసార్లు కూడా నొక్కలేదు. నొక్కితే ఎవరు పరిగెత్తాలో నాకు తెలుసు. లోసానా అడుగులు గోడ అవతల వినపడతాయి. ఎడమ మడమ ఈడుస్తోంది ఈ మధ్య. షెరిల్ గది గుమ్మంలో నిలబడి ఊపిరి తీసుకుని మరీ లోపలికొస్తుంది, నవ్వు మొహం పెట్టుకోవటానికి. నేను నొక్కితే ఇంకెవరో తడిలో ఉంటారు. అందుకని పళ్ళు బిగించి పడుకున్నాను. తోటి పనివాళ్ళ మీద భారం వెయ్యకూడదని నాన్న నేర్పిందే కదా అనుకున్నాను. ఇరవై రెండేళ్ళు యూనియన్ బ్యాడ్జీ పెట్టుకున్నదాన్ని. నాన్న బ్యాడ్జీ ఇప్పుడు నా దిండుకే గుచ్చి ఉంది.

నీకు చెప్పకపోవటానికి కారణం అదే అనుకుంటాను. ఇంటికి ఒక్క పనిమంతురాలు నేనే. నీ యంత్రం మీద పేరు నీది, పనిమంతురాలి పేరు నాది. అది కూడా పోతే ఇక నేనేమిటి?

కొలిచాను. ముప్ఫై ఒకటి పాయింట్ రెండు. నీ గీత కనపడుతోంది.

అలసిపోయాను. రాసినందుకు కాదు.

రే


కొలోన్,
17 జూలై

రే అక్కా,

నిన్ను తిట్టొద్దన్నావు కాబట్టి ముందు నన్ను తిట్టుకుని మొదలుపెడతాను. నీ ఉత్తరం పట్టుకుని హెనింగ్ గదికి వెళ్ళాను.

"ఇది మన పరిధిలోది కాదు, గ్లెనిస్. మనం అంతరిక్షం మీద పనిచేస్తాం" అన్నాడు.

"హెనింగ్, నేను పదేళ్ళప్పటి నుంచి మంచం మీద పనిచేస్తున్నాను. అంతరిక్షానికి తర్వాత డబ్బు దొరికింది."

"సంస్థ పేరు వాడటానికి వీల్లేదు."

"నా పేరు వాడుకుంటాను. అది సంస్థది కాదు."

అతను చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "కాంట్రాక్టు కాగితాలు ఇంకా పైనే ఉన్నాయి, తెలుసు కదా" అన్నాడు. బెదిరింపు కాదది. అతనికీ భయమే. తెలుసన్నాను. ఆగస్టు ఆఖరుకి నాకు ఉద్యోగం ఉంటుందో లేదో తెలీదు. ఆ సంగతి ఎంతకాలంగా మోస్తున్నానంటే, దింపేశాక భుజం తేలికవటం కూడా తెలియలేదు.

పేజీ ఇందులోనే పెట్టాను. సంతకం చేశాను. అందులో ఒక్క వాక్యం కోసం రెండు రాత్రులు కూర్చున్నాను. ఇక్కడే రాస్తున్నాను, పాస్కోకి చదివి వినిపించు:

"ఆరోగ్యవంతుణ్ణి ఇన్నాళ్ళు లేపకుండా పడుకోబెట్టాలంటే నేను నైతిక సంఘం ముందుకి వెళ్ళి, కారణం చెప్పి, అనుమతి తీసుకుని, అతని సంతకం తీసుకుని, తర్వాత అతన్ని తిరిగి నడిపిస్తానని మాట ఇవ్వాలి. ఈ హోములో అదే పని నలభై ఒక్కమంది మీద, ఏ అనుమతీ లేకుండా, ఏ మాటా ఇవ్వకుండా జరుగుతోంది."

దాని కింద నాలుగు సిఫార్సులు రాశాను. సిబ్బందిని పెంచే అవకాశం పరిశీలించటం, వీలైనప్పుడు నిలబెట్టటం, అలాంటివి. నీకు నచ్చకపోతే దిద్దు.

ఇక నీ గంట సంగతి. నాన్న చెక్కని తన్ననన్న రోజు గుర్తుందా? "నా వల్ల మీ ఇద్దరికీ చాకిరీ" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నువ్వేమన్నావు? "నువ్వు పడుకుంటే చాకిరీ తగ్గదు నాన్నా, కంపెనీకి ఖర్చు తగ్గుతుంది." పద్దెనిమిదేళ్ళకే ఆ మాట అన్నావు. గంట నొక్కకపోతే లోసానాకి మేలు చేస్తున్నాననుకుంటున్నావు నువ్వు. క్రెయిగ్ కాగితంలో ఏమని పడుతుందో ఆలోచించావా? "తొమ్మిదో మంచం: పిలుపులు లేవు. నలుగురు సరిపోతారు." నువ్వు బిగబట్టిన ప్రతి గంటా వాడి వైపు సాక్ష్యం, రే.

నొక్కు.

ఆగస్టు 27న వస్తున్నాను. టికెట్టు కొన్నాను. చెక్క, ట్యూబులు అక్కడే దొరుకుతాయిగా.

గ్లెన్


బ్రోకెన్ హిల్,
14 ఆగస్టు, ఆదివారం

గ్లెన్,

నీ వాక్యం పాస్కోకి చదివాను. కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను. "మీ నాన్న కూతురే. కానీ చివర్లో ఇదేంటి, సిఫార్సులు?" అన్నాడు.

"మర్యాదగా రాసింది."

"సిఫార్సు చేసేది బ్యాంకు మేనేజరు. మనం ఎప్పుడు చేశాం?"

నిజమే కదా. అందుకే దిద్దుతున్నాను, కింద చూడు.

ముందు ఏం జరిగిందో చెబుతాను. నీ "నొక్కు" అన్న మాట పాస్కోకి చెప్పాను. ఆయన తన గోడ అవతల ఏడో మంచానికి చెప్పాడు, ఏడు ఆరుకి. భోజనాల ట్రేల మీద మాట వారం రోజుల్లో వరండా ఆ చివరిదాకా పోయింది. క్యారెట్టూ చీజూ తురిమి పెట్టిన రొట్టె కింద చీటీలు. నొక్కలేని ఆరుగురి బటన్లు నొక్కటానికి పక్క మంచంవాళ్ళు కర్ర పెట్టుకున్నారు. లోసానాకి ముందే చెప్పాం, పరిగెత్తొద్దని.

గురువారం పది గంటలకి హోము ముందు గదిలో సమావేశం మొదలైంది. పది దాటి ఒక నిమిషం. నలభై ఒక్కమందిమీ నొక్కాం. మూడేసి సార్లు.

ప్రతి గుమ్మం మీదా ఎర్ర దీపం, ఆఫీసు బోర్డు మీద నలభై ఒక్క మోత. నలుగురు పిల్లలూ మెల్లిగా నడుచుకుంటూ ముందు గదికి వెళ్ళి నిలబడ్డారు. లోసానా అడిగిందట: "క్రెయిగ్, ముందు ఎవరి దగ్గరికి వెళ్ళమంటారు? మీరే చెప్పండి." అతను బోర్డు వంక చూశాడట. "ఏమిటీ మూడు మూడు? యంత్రం చెడిపోయిందా?" అన్నాడట. యూనియన్ తరఫున మన షెరిల్ చెప్పింది: "చెడిపోలేదు. లోపల మనుషులున్నారని చెబుతోంది. సామాను కాదని." తర్వాత నీ పేజీ బల్ల మీద పెట్టిందట.

ఇరవై నిమిషాలు మోగించాం. నా బొటనవేలు ఇంకా నొప్పి. పెద్ద విజయమేమీ కాదు, ఆశలు పెట్టుకోకు. "పరిశీలిస్తాం" అన్నారు, సెప్టెంబరులో మళ్ళీ కూర్చుంటారట. ఆ రోజు మధ్యాహ్నం తిండి గంట ఆలస్యమైంది, పదకొండో మంచం ఆవిడ నన్ను తిట్టింది. శుక్రవారం పొద్దున మాత్రం లోసానా, షెరిల్ ఇద్దరూ వచ్చి నన్ను లేపారు. నాలుగు నిమిషాలు నిలబడ్డాను. ఏడుపొచ్చింది, నీ ఇరవై ఆరేళ్ళవాడిలా. పాస్కో చూడకుండా అటు తిరిగాడు.

నీ ఉద్యోగం సంగతి ఏమైనా కానీ, ముందు ఇక్కడికి రా. ఇవి సెప్టెంబరులో బల్ల మీద పెట్టేవి. కొన్ని వాళ్ళకి, కొన్ని నీకు. శుభ్రంగా టైపు చేసి తీసుకురా.

1. పొద్దున షిఫ్టులో ఆరుగురు. "వీలైనంతమంది" కాదు. ఆరుగురు.

2. ఎత్తే యంత్రం దగ్గర ఇద్దరు. రెండో మనిషి లేకపోతే యంత్రం కదలదు, ఆలస్యానికి జవాబు మేనేజరు చెప్పాలి.

3. నిలబడగలిగిన ప్రతి మనిషినీ రోజుకి రెండుసార్లు నిలబెట్టాలి.

4. ప్రతి ఆదివారం అందరి పిక్కలూ కొలవాలి. అంకెలు ఆఫీసు ఫైల్లో కాదు, వరండా గోడ మీద రాయాలి.

5. పాస్కో ఫైల్లోంచి "విసిగించే రోగి" అన్న మాట కొట్టెయ్యాలి.

6. తొమ్మిదో మంచం ఇక నుంచి గంట నొక్కుతుంది. ఎవరైనా వచ్చి తీరాలి.

7. గ్లెనిస్ ట్రెంబాత్‌ని రేడియోవాళ్ళు మళ్ళీ అడిగితే, ట్యాంకు గురించి కాదు, నాన్న పిక్క గురించి చెప్పాలి.

8. వచ్చేటప్పుడు కొత్త టేపు తేవాలి. నా దగ్గరున్నది అమ్మది. ముప్ఫై దగ్గర అంకెలు చెరిగిపోయాయి.

రే